తలూపే కెమెరాలు

నా మీద తీసిన నివాళి కార్యక్రమం ఇప్పటికీ మా ఛానల్ కంప్యూటర్లో భద్రంగా ఉంది. చెరపొద్దని నేనే చెప్పాను. అందులో నన్ను "మృదుభాషి" అన్నారు. ఆ మాట చెవిన పడబట్టే నేను బతికానని మా ఆఫీసులో అందరూ నవ్వుతారు. డాక్టర్లు ఒప్పుకోరు గానీ నేను మాత్రం ఒప్పుకుంటాను.

నా పేరు వందన. కరీంనగర్‌లో ఒక లోకల్ ఛానల్‌కు ప్రొడ్యూసర్‌ని. తెర మీద మీకు నేను కనిపించను. కనిపించే వాళ్ళ చెవుల్లో అరిచే మనిషిని నేను. పుట్టింది గోదావరిఖనిలో. మా బాపు సాంబయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మా క్వార్టర్లలో షిఫ్టు సైరన్ మోగితేనే తెల్లారినట్టు లెక్క. నా గొంతుకు మా కెమెరామెన్లు ఆ సైరన్ పేరే పెట్టారు. ఎదురుగా "అక్కా" అంటారు, వెనక "సైరన్" అంటారు. నాకు తెలుసన్న సంగతి వాళ్ళకూ తెలుసు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన వాళ్ళకు నేను రెండోసారి చాయ్ పోయలేదు.

లైవ్ ఎట్లా నడుస్తుందో కొంచెం చెప్పాలి. ఏ జాతర దగ్గరో నాలుగు కెమెరాలు నాలుగు చోట్ల నిలబడతాయి. నేను దూరంగా ఓబీ వ్యాన్‌లో, అంటే మా లైవ్ బండిలో, నాలుగు చిన్న తెరల ముందు కూర్చుంటాను. చెవులకు హెడ్‌సెట్, చేతి కింద బటన్లు. ఏ బటన్ నొక్కితే ఆ కెమెరా బొమ్మ జనం ఇళ్ళలోకి పోతుంది, ఆ కెమెరా నెత్తిన ఎర్రలైటు వెలుగుతుంది. నా మాట కెమెరామెన్లకు వినిపిస్తూనే ఉంటుంది. వాళ్ళు మాత్రం నోరెత్తకూడదు.

ఈ రూలు వేములవాడలో పుట్టింది. అది మా మొదటి శివరాత్రి లైవ్. అప్పట్లో మాకున్నవి రెండే కెమెరాలు. మొక్కు తీర్చడానికి ఎవరో తెచ్చిన కోడె ఒకటి మొదటి కెమెరా వైరును తొక్కి తెంపేసింది. మిగిలింది హనుమండ్లు కెమెరా. జమ్మికుంట మనిషి, అంతకు ముందు పెండ్లి వీడియోలు తీసేవాడు, పనికి కొత్త. "గుడి తలుపు కనిపిస్తుందా హనుమండ్లూ?" అని నేను అడిగాను. అతను పూజారి మైకు పక్కనే నిలబడి, "ఆఁ అక్కా, మంచిగనే కనవడుతుంది, జర గీ లావుపాటాయన పక్కకు జరిగితే" అన్నాడు. జిల్లా మొత్తం విన్నది. ఆ లావుపాటాయన మా ఓనర్‌కు స్వయానా బావమరిది.

మర్నాడే రూలు పెట్టాను. అవును అనాలంటే కెమెరాను పైకీ కిందికీ ఊపాలి. కాదు అనాలంటే ఎడమకూ కుడికీ ఊపాలి. మనిషి తలూపినట్టే. నా తెరలో బొమ్మ ఊగుతుంది, నాకు జవాబు అందుతుంది. ఇంకో రూలు కూడా ఉంది. నెత్తిన ఎర్రలైటు వెలుగుతున్నప్పుడు కెమెరా ఊపకూడదు. ఊపితే జనం ఇళ్ళల్లో దేవుడు ఊగుతాడు. ఆ రూలు తప్పిన వాణ్ణి నేను అదే రోజు ఇంటికి పంపేదాన్ని. ఎవరొచ్చి చెప్పినా వినేదాన్ని కాదు.

అట్లా అరుచుకుంటూ, తలలూపించుకుంటూ ఇరవై ఏళ్ళు గడిచాయి. కేబుల్ ఛానల్ కాస్తా శాటిలైట్ ఛానల్ అయింది. రెండు కెమెరాలు నాలుగయ్యాయి. బతుకమ్మ ఆడే వాకిళ్ళ నుంచి, పత్తి మార్కెట్ల నుంచి, గోదావరి వరద గట్ల నుంచి లైవ్ ఇచ్చాను. హైదరాబాద్ ఛానళ్ళు రెండుసార్లు పిలిచాయి, పోలేదు. ఓబీ వ్యాన్‌లోని ఆ చిరిగిన కుర్చీలో కూర్చుంటే నాకు ఇంకేదీ గుర్తుకొచ్చేది కాదు. గొప్పలు చెప్పుకుంటున్నానని మీరు అనుకోవచ్చు. చెప్పుకుంటున్నాను.

పోయిన ఏడాది ఆదిలాబాద్ వైపు, కేస్లాపూర్ నాగోబా జాతర లైవ్ కోసం ఒక రోజు ముందే చేరుకున్నాం. పుష్యమాసపు చలి. ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ళకు చెప్పినా నమ్మరు. పొద్దున్నే నా పాదాలు తిమ్మిరెక్కాయి. చీమలు పాకుతున్నట్టు మొదలై మధ్యాహ్నానికి మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ ఊళ్ళో అందరి కాళ్ళూ తిమ్మిరెక్కుతాయి కదా, ఇందులో వింతేముంది అనుకున్నాను. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. వైర్లు లాగే పని ముగించుకుని, చలిమంట దగ్గర కుర్చీ వేసుకుని పాదాలు మంట వైపు చాపాను.

కాసేపటికి హనుమండ్లు ముక్కు ఎగబీల్చాడు.

"ఏందో కాలుతున్న వాసనొస్తుందక్కా."

చూస్తే నా మేజోడు. అరికాలి దగ్గర నల్లబడి పొగలు కక్కుతోంది. కింద చర్మం బొబ్బ లేచింది. నాకు ఏమీ తెలియలేదు. నొప్పి లేదు, వేడి లేదు. ఆ కాలు నాదే అన్న జాడ కూడా లేదు. లేవబోయి పక్కకు పడిపోయాను.

ఆదిలాబాద్‌లో చూపించి, అక్కడి నుంచి కరీంనగర్‌కు తెచ్చారు. అంబులెన్సులో నా తల దగ్గర హనుమండ్లే కూర్చున్నాడు. ఒళ్ళు తన నరాల మీద తానే దాడి చేసుకునే జబ్బట, జీబీఎస్ అంటారట. పాదాల నుంచి పైకి పాకుతుంది. కరీంనగర్ చేరేసరికి చేతులు పోయాయి, తర్వాత మాట పోయింది, తర్వాత ఊపిరి. గొంతులో పైపు వేసి వెంటిలేటర్ పెట్టారు.

ఇక అక్కడి నుంచి చెప్పేది అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. నాకు అన్నీ వినిపిస్తున్నాయి. మందుల వాసన తెలుస్తోంది. నడుము కింద దుప్పటి మడత పడి నలిపేస్తోంది, ఆ నొప్పి తెలుస్తోంది. కానీ వేలు కదలదు, పెదవి కదలదు, రెప్పలు సగం మూసుకుని అట్లాగే నిలిచిపోయాయి. కనుగుడ్లు మాత్రం తిరుగుతున్నాయి. ఆ సగం రెప్పల వెనక అవి తిరుగుతున్నట్టు ఎవరికి తెలుస్తుంది? డాక్టరు మంచివాడు. "ఆమెకు వినపడుతుంది, మాట్లాడుతూ ఉండండి" అని మా వాళ్ళకు పదే పదే చెప్పేవాడు. మా వాళ్ళు దాన్ని ఓదార్పు మాట అనుకున్నారు. మందు ఎక్కిస్తున్నాం, లేవడానికి నెలలు పట్టొచ్చు, లేవకపోనూ వచ్చు అని కూడా ఆయనే చెప్పాడు. అది మాత్రం బాగా పట్టించుకున్నారు.

ఒకరోజు నా మంచం పక్కనే నిలబడి దశరథం చిన్నాయన బాపుతో అన్నాడు.

"అన్నా, ఎన్నొద్దులు గీ పైపులు, గీ సూదులు. పిల్ల పాణం ఇంటి కాడ పోనియ్యి. వదినె గూడ ఇంట్లనే పోయింది గద. గీన్నే పోతె రేపు మనసుల పెట్టుకొని నువ్వే బాధపడుతవు."

చిన్నాయన చెడ్డవాడు కాదు. నన్ను భుజాల మీద మోసిన మనిషి. మా వైపు అందరూ అట్లాగే చేస్తారు. చివరి ఊపిరి సొంతింటి వాకిట్లో పోవాలని అంబులెన్సు మాట్లాడుకుని తీసుకుపోతారు. మా అవ్వను, నన్ను కన్నతల్లిని, ఇంటికి తెచ్చినప్పుడు నేనూ సరేనన్నదాన్నే.

బాపు గొంతు వినిపించింది.

"సరే తీయ్. రేపు పొద్దుగాల తీస్కపోదాం."

నాకు లోపల అరుపు పుట్టింది. ఆ పైపు తీస్తే నేను గోదావరిఖని దాకా ఎందుకు, దారిలో సుల్తానాబాద్ కూడా దాటను. బాపూ, వద్దు. ఒక్క మాట. ఇరవై ఏళ్ళు నాలుగు కెమెరాలను ఉరుకులు పెట్టించిన గొంతు నాది. సొంత తండ్రికి "వద్దు" అని చెప్పుకోవడానికి నాకు ఒక్క వేలు లేకుండా పోయింది. అంత భయం నేను అంతకు ముందు పడలేదు. ఇకముందు పడను కూడా.

ఆ సాయంత్రం చూడటానికి హనుమండ్లు వచ్చాడు. నా తల దగ్గర నిలబడి చాలాసేపు ముక్కు చీదాడు.

"అక్కా, నేను హనుమండ్లును. రేపు నిన్ను ఇంటికి తీస్కపోతరట. నాకు చెప్పబుద్ధి గాలే గని, నీ తాన దాచుడెందుకు. నీ మీద ప్రోగ్రాం గూడ తయారైంది. ఓనర్ శ్యాంసుందర్ సారు చేసి పెట్టమన్నడు. అసొంటియి ముందుగాలనే తయారు పెట్టుకోవాలెనని నువ్వే నేర్పినవు గద."

నేర్పాను. పెద్దవాళ్ళు ఎవరికైనా సీరియస్ అని తెలియగానే వాళ్ళ జీవితాన్ని పది నిమిషాల ప్రోగ్రాంగా కత్తిరించి పక్కన పెట్టించేదాన్ని. నా వంతు వచ్చింది, అంతే. దాని మీద నాకు కోపం రాలేదు.

"భవ్యశ్రీ రాసింది. మంచిగనే రాసింది పాపం, ఏడ్చుకుంట రాసింది. 'సౌమ్యురాలు, మృదుభాషి, సిబ్బందితో ఏనాడూ గొంతెత్తి మాట్లాడని తల్లిలాంటి మనిషి'..."

అప్పుడు వచ్చింది కోపం.

ఏమిటీ? మృదుభాషినా? ఎవరు? నేనా? నా ఇరవై ఏళ్ళ కష్టం మీద ఇట్లా సున్నం కొడతారా? మా స్క్రిప్టులు రాసే భవ్యశ్రీని నేను నిన్నగాక మొన్న తప్పు రాసిందని మెట్ల దాకా తరిమాను కదా. ఆ పిల్ల నా గురించి ఇంత అబద్ధం రాస్తుందా? దాన్ని కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలంతా చూసి నమ్ముతారా? కాదు. కాదు. కాదు. నాకు తెలియకుండానే నా కనుగుడ్లు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తిరిగాయి. ఆగకుండా తిరిగాయి.

హనుమండ్లు మాట ఆగిపోయింది. అతను మామూలు మనిషి అయితే గమనించేవాడు కాదు. కెమెరామన్. బొమ్మలో ఎక్కడ చిన్న కదలిక ఉన్నా అతని కన్ను పట్టేస్తుంది. నా ముఖం మీదికి వంగాడు. అతని ముక్కు చివర కన్నీటి చుక్క నాకు కనిపించింది.

"అక్కా. కాదంటున్నవా?"

కళ్ళు పైకీ కిందికీ తిప్పాను.

అతను మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"కెమెరా ఊపుతున్నవా అక్కా?"

పైకీ, కిందికీ.

"ఆగు. జర ఆగు. నాది జమ్మికుంటనా?"

పైకీ, కిందికీ.

"నా పేరు రాజేశమా?"

ఎడమకూ, కుడికీ.

"నువ్వు మృదుభాషివా?"

ఎడమకూ, కుడికీ, మళ్ళీ ఎడమకూ. అతను ఏడుస్తూ పకపకా నవ్వి, ఐసీయూ అని కూడా చూడకుండా బయటికి ఉరికాడు. నర్సు కేకలేసింది. తలుపు అవతల అతని గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. "సాంబయ్య మామా, జల్ది రా. అక్క మాట్లాడుతుంది."

బాపు వచ్చాడు. హనుమండ్లు అతనికి చెప్పాడు. పైకీ కిందికీ అయితే ఆఁ అన్నట్టు, పక్కకు అయితే ఊహూ అన్నట్టు. ఎవరూ నేర్పకుండానే మనుషులు తలూపే పద్ధతే అది. బాపు రెండు చేతులతో మంచం పట్టె పట్టుకున్నాడు.

"బిడ్డా, నొస్తుందా?"

పైకీ, కిందికీ.

"ఇంటికి పోదామా?"

ఎడమకూ, కుడికీ.

బాపు నమ్మలేనట్టు ఇంకోసారి అడిగాడు. "ఇంటికి వద్దా? ఈన్నే ఉంటవా? కొట్లాడుతవా?"

పైకీ, కిందికీ. పైకీ, కిందికీ. పైకీ, కిందికీ.

బాపు నా నుదుటి మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "దశరథం, బండి వద్దని చెప్పు. నా బిడ్డ కెమెరా ఊపింది." చిన్నాయన గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత ఆస్పత్రిలో నా కోసం అందరికంటే ఎక్కువ తిరిగింది ఆయనే.

ఆ రోజు నుంచి నేను ఐసీయూను నడపడం మొదలుపెట్టాను. నర్సులు డ్యూటీ మారేటప్పుడు ఒకరికొకరు నా భాష చెప్పుకునేవారు. దుప్పటి మడత సరిచేయించాను. ఫ్యాన్ తగ్గింపజేశాను. చిన్నాయన ఫోన్లో పెట్టిన భక్తి పాటలు ఆపించాను. డాక్టరు నవ్వుతూ, "పేషెంటు గారు పర్మిషన్ ఇస్తే ఇంజక్షన్ చేస్తాం" అనేవాడు. నేను అప్పుడప్పుడు ఇవ్వలేదు కూడా.

కోలుకోవడం మాత్రం నత్తనడకన సాగింది. వెంటిలేటర్ తీశారు. బొటనవేలు కదిలింది. ఫిజియోథెరపీ చేసే దీపిక రబ్బరు బంతి ఇచ్చి పిసకమనేది, నాకు విసుగొచ్చి పిసికేదాన్ని కాదు. ఒకరోజు హనుమండ్లు ఆఫీసు స్టోర్‌లో మూలపడ్డ పాత స్విచ్చర్ బోర్డు, అంటే కెమెరాలు మార్చే బటన్ల పలక, తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. కరెంటు లేదు, తెరలు లేవు, బటన్లు మాత్రం ఉన్నాయి. ఆ రోజు నుంచి నా వేళ్ళకు ప్రాణం వచ్చింది. ఊహలో కోడెలు, బోనాలు, బతుకమ్మలు నడిపించుకుంటూ పొద్దంతా బటన్లు నొక్కేదాన్ని. దీపిక బంతిని అల్మారాలో పెట్టేసింది. వానాకాలానికి బాపు చెయ్యి పట్టుకుని వరండాలో నడిచాను. అడుగు పడిన ప్రతిసారీ మా బాపు ముఖం చూడాలి మీరు.

పైపు కోసం మెడ దగ్గర పెట్టిన రంధ్రం మూసుకుని మాట వచ్చిన రోజు భవ్యశ్రీ నన్ను చూడటానికి వచ్చింది. పండ్లు తెచ్చింది. నేను దాన్ని దగ్గరికి రమ్మని చేత్తో పిలిచాను.

"ఎవరే మృదుభాషి?"

నా మొదటి మాట అదే. ఆ పిల్ల బావురుమంది. "సారీ మేడం, తీసేస్తా మేడం."

"ఉంచు" అన్నాను. "ఏదో ఒకనాటికి పనికొస్తది."

అయితే ఆ మాట నా గొంతులా లేదు. బొంగురుగా, గాలి కలిసి, పక్క మంచానికి కూడా వినిపించనంత మెత్తగా వచ్చింది. సైరన్ పోయింది. గొంతు ఇంతకంటే పెరగకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ రాత్రి నేను ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది. నా రాతే ఇంత, భవ్యశ్రీ రాసింది నిజమైపోయింది అనుకున్నాను.

దసరా తర్వాత ఆఫీసుకు పోయాను. మా ఓనర్ శ్యాంసుందర్‌కు గ్రానైట్ వ్యాపారం. ఆయన మనసు మంచిది, నమ్మకం మాత్రం తక్కువ. నాకు శాలువా కప్పి, ఏసీ గది చూపించాడు. తలుపు మీద "గౌరవ సలహాదారు" అని బోర్డు. అది కూడా నల్ల గ్రానైట్ పలక మీద చెక్కించాడు. చూస్తే సమాధి రాయిలా ఉంది.

"సార్, కేస్లాపూర్ లైవ్ నేను చేస్తా" అన్నాను.

ఆయన చెవి దగ్గరికి తెచ్చి, "ఏందమ్మా?" అన్నాడు. అదే నా కష్టం. మళ్ళీ చెప్పాను.

"వందనమ్మా, గా డోలు సప్పుల్ల నీ మాట ఎవనికి వినవడుతది? పైగ గా చలి. నిరుడు గక్కడనే గద నువ్వు పడ్డది. నీకేమన్నయితే సాంబయ్యకు నేను ముఖం ఎట్ల చూపెట్టాలె?"

"కుర్చీ ఇయ్యకపోతే నాకు ఇక్కడనే ఏమన్నయితది సార్" అన్నాను.

ఆయన గోడ వైపు చూసి ఆలోచించాడు. చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. హైదరాబాద్ నుంచి కరుణాకర్ అనే డైరెక్టర్‌ను పిలిపిస్తాడు. అతను నా పక్కనే కూర్చుంటాడు. నాకు ఒంట్లో ఏ కొంచెం తేడా వచ్చినా హెడ్‌సెట్ అతనికి పోతుంది. ఒకసారి పోతే ఇక ఆ కుర్చీ నాది కాదు. ఇది ఆయన నోటితో అనలేదు, నేను అర్థం చేసుకున్నాను. ఏసీ గది తలుపు మీద పలక ఎట్లాగూ ఉంది.

పోయేముందు డాక్టరు దగ్గరికి పోయాను. ఈ జబ్బు మళ్ళీ రావడం చాలా అరుదు అన్నాడు. "అయినా పాదాలు తిమ్మిరెక్కితే మాత్రం దాచుకోకండి, వెంటనే బయల్దేరండి" అన్నాడు. బాపు నాతో వస్తానని రగ్గు సర్దుకున్నాడు. నేను వద్దనలేదు.

ఈ ఏడాది కేస్లాపూర్. పొగమంచులో ఎడ్లబండ్లు, డోళ్ళు, దుకాణాల ముందు చలిమంటలు. పొద్దున్నే ఓబీ వ్యాన్ మెట్లు నేనే ఎక్కాను. చిరిగిన కుర్చీ అట్లాగే ఉంది. పక్క కుర్చీలో కరుణాకర్, మర్యాద తెలిసిన కుర్రాడు, "మీరు చేయండి మేడం, నేను ఊరికే ఉంటాను" అన్నాడు. ఊరికే ఉంటానన్న వాడి చెయ్యి హెడ్‌సెట్ వైపే ఉంది. నా ఎదురుగా నాలుగు తెరలు. రెండోది హనుమండ్లుది, ఎప్పటిలాగే.

హెడ్‌సెట్ పెట్టుకుని నా కొత్త గొంతుతో మెల్లగా అన్నాను. "నేను వినవడుతున్ననా?"

నాలుగు బొమ్మలూ పైకీ కిందికీ ఊగాయి. తర్వాత హనుమండ్లు నాతో చెప్పాడు, ఇదివరకు నేను అరుస్తుంటే సగం మాటలు దడకే పోయేవట. ఇప్పుడు వినడానికి అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారట.

లైవ్ మొదలైంది. ఎంత బాగా నడిచిందో నేనే చెప్పాలి, ఇంకెవరు చెబుతారు. ఒకటో కెమెరాలో గుడి శిఖరం మీద మొదటి ఎండ పడింది, తీసుకున్నాను. మూడులో డోలు కొట్టే ముసలాయన చేతులు కనిపించాయి, తీసుకున్నాను. నాలుగులో తండ్రి మెడ మీద కూర్చున్న చంటిపిల్ల ఆవులించింది, అదీ తీసుకున్నాను. నా వేళ్ళు తడబడలేదు. కరుణాకర్ చెయ్యి మెల్లగా వెనక్కి పోయి చాయ్ గ్లాసు పట్టుకుంది.

నాగోబా జాతర జరిపించే మెస్రం వంశపు ఆడవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని, మట్టి కుండలు నెత్తిన పెట్టుకుని వరుసగా నడిచి వస్తున్నారు. ఆ పొద్దుకంతా చూడాల్సిన బొమ్మ అదే. రెండో బటన్ నొక్కాను. హనుమండ్లు కెమెరా నెత్తిన ఎర్రలైటు వెలిగింది. సరిగ్గా అప్పుడు నా పాదాల్లో చీమలు పాకడం మొదలైంది.

ముందు నమ్మలేదు. వేళ్ళు ముడిచి చూశాను. మొద్దుబారి ఉన్నాయి. ఎడమ కాలితో కుడి కాలిని తొక్కాను, దూరంగా ఎక్కడో తగిలినట్టుంది. అరికాలి మీద పాత కాలిన మచ్చ చోటు కూడా తెలియడం లేదు. మళ్ళీ వచ్చిందా? మళ్ళీ ఆ పైపు, ఆ మంచం, ఆ సగం మూసిన రెప్పలా?

చెబితే హెడ్‌సెట్ పోతుంది, కుర్చీ పోతుంది. చెప్పకపోతే ఇంకో గంట లైవ్ నాది. ఆ తర్వాత ఏమైతే అదవుతుంది. దేవుడి సాక్షిగా ఒక్క క్షణం అదే చేద్దామనుకున్నాను. కానీ నిరుడు ఇదే చలిలో, ఇదే నేల మీద, అందరికీ ఇంతే కదా అనుకుని నోరు మూసుకున్నది నేనే. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే, మా కాళ్ళు బాగానే ఉన్నాయి అక్కా అని ఎవరో ఒకరు చెప్పేవారు. ఇప్పుడు నాకు గొంతు ఉంది. మెత్తటిదైనా ఉంది.

హెడ్‌సెట్ మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను.

"నా పాదాలు తిమ్మిరెక్కినయి. మొద్దువారినయి. మీకు గూడ అట్లనే ఉన్నదా? నిజం చెప్పుండ్రి."

కరుణాకర్ గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు. నేను తెరల వైపే చూస్తున్నాను.

ఒకటో కెమెరా పైకీ కిందికీ ఊగింది. గుడి శిఖరం నాకు తలవంచి లేచింది. మూడోది ఊగింది. నాలుగోది ఊగింది, దాన్ని పట్టుకున్నవాడు మంచె మీద నిలబడి వణుకుతున్నాడేమో, పైకీ కిందికీ ఊపాక కూడా బొమ్మ కాసేపు అదురుతూనే ఉంది. మిగిలింది రెండోది. దాని నెత్తిన ఎర్రలైటు ఉంది. రెండు జిల్లాల జనం ఆ బొమ్మే చూస్తున్నారు. హనుమండ్లు ఊపడు, ఊపకూడదు, అసలు ఆ రూళ్ళు పుట్టిందే అతని వల్ల.

కుండలు మోస్తున్న ఆడవాళ్ళు, వెనక జనం, ఆ వెనక పొగమంచు, అన్నీ కలిసి నింపాదిగా పైకి పోయి కిందికి వచ్చాయి. మళ్ళీ పైకి పోయి కిందికి వచ్చాయి.

అందరికీ ఉంది. చలి. ఉత్త ఆదిలాబాద్ చలి.

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు, బటన్ల మీద మాత్రం నీళ్ళు పడ్డాయి. వ్యాన్ తలుపు సందులోంచి చూస్తే బాపు రగ్గు కప్పుకుని, చలిమంట దగ్గర పాదాలు చేత్తో రుద్దుకుంటున్నాడు. ఆ మాట అతన్ని కూడా అడిగాను. "గడ్డకట్టినయి బిడ్డా" అన్నాడు. నా జీవితంలో అంత తియ్యటి మాట వినలేదు.

కరుణాకర్ ఫోన్ మోగింది. విని, చేత్తో మూసి నన్ను అడిగాడు.

"మేడం, శ్యాంసుందర్ గారు. లైవ్‌లో బొమ్మ ఎందుకు ఊగిందని అడుగుతున్నారు."

"చలికి ఊగిందని చెప్పు" అన్నాను.

ఒకటో బటన్ నొక్కి ఎండలో మెరుస్తున్న శిఖరాన్ని జనానికి చూపించాను. రెండో కెమెరా మీద ఎర్రలైటు ఆరిపోయింది. ఇక నా కోపం నాకు గుర్తొచ్చింది. ఉన్న గొంతంతా కూడదీసుకున్నాను.

"హనుమండ్లూ. ఎర్రలైటు మీద కెమెరా ఊపినవాణ్ణి నేను ఉంచనని ఎరికేనా?"

రెండో తెరలో బొమ్మ పైకీ కిందికీ ఊగింది.

"మల్ల ఊపుతవా?"

ఆ బొమ్మ ఒక్క క్షణం కదలకుండా ఆగింది. తర్వాత మళ్ళీ పైకీ కిందికీ ఊగింది. నేను నాలుగో బటన్ నొక్కి, లైవ్ కొనసాగించాను.